ముగ్గురు తుంచిన మాత్ర

మా కాలేజీలో ఆమెను పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ ఆమె కల్వం మేడమ్. ఫార్మసీ విభాగంలో చేరిన మొదటి రోజు పాఠానికి పుస్తకం తేవలసింది పోయి, మందు నూరే పింగాణి కల్వాన్ని చంకన పెట్టుకుని వచ్చిందట. "పుస్తకం మీ దగ్గర ఉంది కదా, ఇది లేదుగా" అంటూ దాన్ని బల్ల మీద పెట్టిందట. సాయంత్రానికల్లా ఆ పేరు అంటుకుంది. సంతకం కూడా అలాగే పెట్టమని పిల్లలు ఆటపట్టిస్తే, "జీతం ఆ పేరు మీద వస్తే పెడతాలే" అనేది.

నేను ఆ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. మెడిసిన్, నర్సింగు, ఫార్మసీ మూడూ ఒకే ప్రహరీ లోపల, మూడు భవనాల్లో ఉండేవి. మూడింటికీ మూడు మెట్ల వరుసలు, మూడు సైకిల్ షెడ్లు, చివరికి మూడు గంటలు. ఒకరి గంట మోగితే పక్కవాళ్లు విననట్టు కూర్చునేవాళ్లు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది లైబ్రరీ ఒక్కటే. అందుకే ఈ సంగతి నా కళ్ల ముందు జరిగింది.

లెక్చరరు కాకముందు ఆమె ఒక పెద్దాసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక తొమ్మిదేళ్లు కూర్చుంది. పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చినప్పుడల్లా ఆ కబుర్లు కాస్త కాస్త చెప్పేది. ఆ కిటికీ జానెడు వెడల్పు, బెత్తెడు ఎత్తు. అందులోంచి మనుషులు కనబడరు, చేతులే కనబడతాయి.

"చేతుల్ని బట్టే గుర్తుపట్టేదాన్ని అన్నయ్యగారూ. సుద్ద అంటినవి, గ్రీజు అంటినవి, నిద్రలేక వణికేవి. మొహాలు మాత్రం బజార్లో ఎదురైనా తెలిసేవి కావు."

ఒక రోజు ఒక ముసలాయన చీటీ వెతుక్కోవడానికి తన సంచిని ఆ కిటికీ గట్టు మీద పెట్టాడు. సంచి మూతి తెరుచుకుని లోపలున్న రెండు పొట్లాలు కనబడ్డాయి. రెండు రంగులు, రెండు పేర్లు, లోపల మందు మాత్రం ఒకటే. ఒకటి గుండె డాక్టరు రాసింది, ఇంకొకటి మామూలు జబ్బుల డాక్టరు రాసింది. రెండూ తన చేత్తో ఇచ్చినవే, ఒకటి సోమవారం, ఒకటి గురువారం. కిటికీ మూసేసి, వసారా దాటి గుండె డాక్టరు గదికి వెళ్లింది. ఆయన చూసి, "అయ్యో, నాకు తెలియదే" అని ఒకటి కొట్టేశాడు. అంతే. గట్టిగా రెండు నిమిషాల పని.

"నలభై రెండు అడుగులు. తర్వాత కొలిచాను" అంది. "ఆయన మంచివాడే, ఆ రెండో ఆయనా మంచివాడే, నేను మాత్రం చెడ్డదాన్నా? మధ్యలో నడిచేవాళ్లే లేరు."

లెక్చరరయ్యాక తన పిల్లలు మందుల పేర్లు బట్టీపట్టి మళ్లీ అలాంటి కిటికీల వెనక్కే వెళ్లిపోవడం ఆమెకు నచ్చలేదు. వారానికి ఒక్క గంట, మూడు విభాగాల పిల్లల్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి చెప్పనివ్వండి అని అడిగింది. నాలుగేళ్లు అర్జీ మీద అర్జీ పెట్టాక, ప్రిన్సిపాల్ ఒక్క సంవత్సరానికి ఒప్పుకున్నాడు, అదీ ప్రయత్నంగా. గంట దొరికింది గాని గది దొరకలేదు. మా భవనంలో వద్దంటే మా భవనంలో వద్దన్నారు. చివరికి లైబ్రరీ వెనక, బైండు చేసిన పాత పేపర్లు ఉంచే గది నేనే ఇచ్చాను. రెండు బల్లలు కలిపితే ఒకటి బొటనవేలంత పొట్టి. దాని కాళ్ల కింద అట్టముక్కలు మడిచి పెట్టాం.

మొదటి రోజు పిల్లలు రైలు పెట్టెల్లా మూడు గుంపులుగా కూర్చున్నారు. మెడికోలవి పొడుగు తెల్ల కోట్లు, ఫార్మసీ వాళ్లవి పొట్టి తెల్ల కోట్లు, నర్సింగు అమ్మాయిలవి నీలం ఏప్రన్లు.

"కోట్లూ ఏప్రన్లూ విప్పి ఆ మేకులకు తగిలించండి" అంది మేడమ్.

మెడికోల్లో ఒక పొడుగాటి అబ్బాయికి అది మింగుడు పడలేదు. "కోటు లేకపోతే డాక్టరెవరో పేషెంటుకి ఎలా తెలుస్తుంది మేడమ్?"

"అడుగుతుంది."

"అడక్కపోతే?"

"నువ్వే చెప్పు. నోరుంది కదా."

అప్పుడు పేషెంటు వచ్చింది. ఆమె మేడమ్ అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు లైన్లు కలిపి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ రెండు గదులు దాటి వినబడుతుంది. వారానికొక జబ్బు నటించడానికి కోడలు ఆమెను కుదుర్చుకుంది. "జీతం ఎలాగూ ఇవ్వవు, కనీసం జబ్బయినా నాకు నచ్చింది ఇవ్వు" అన్నది అత్తగారి బేరం. ఆమెతో వచ్చిన చిక్కల్లా చెప్పిన దాంతో ఆగకపోవడమే. మోకాలినొప్పి చెప్పమంటే దగ్గు కూడా కలిపేది.

"దగ్గెక్కడిదత్తయ్యా?" అని మేడమ్ తర్వాత నిలదీస్తే, "ఒక్క మోకాలితో గంటసేపు ఎంతని లాగను? కాస్త దగ్గుంటే రక్తి కట్టింది" అనేది. నెల తిరిగేసరికి పిల్లలందరికీ ఆమె బామ్మగారైపోయింది.

తరగతి నడిచే తీరు ఇది. బామ్మగారు తన సంచి తెచ్చి బల్ల మీద బోర్లిస్తుంది. చీటీలు, సీసాలు, పొట్లాలు, అందులోనే బస్సు టిక్కెట్లు, బొత్తాలు. మూడు విభాగాల నుంచి తలా ఒకరు కలిసి ఒక జట్టు. సొంత అభిప్రాయం చెప్పే ముందు ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల పని గురించి ఒక ప్రశ్న అడిగి తీరాలి. మేడమ్ మాట్లాడకూడదు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టడి. బుగ్గన ఒక దగ్గుబిళ్ల పెట్టుకుని మూల స్టూలు మీద కూర్చునేది, అది కరిగేదాకా నోరు విప్పేది కాదు. పిల్లలు మరీ దారి తప్పితే ఆ బిళ్ల పటుక్కున కొరికిన చప్పుడు వినబడేది. వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి వచ్చేవాళ్లు.

ఆమెతో పాటు ఇంకో ఇద్దరు పాఠం చెప్పాలి. ఒకరు గుండె వార్డు డాక్టరుగారు. ఇల్లు అంటుకున్నా "నిదానం, నిదానం" అనే మనిషి. రెండోవారు నర్సింగు వైపు పెద్ద సిస్టరు. ఇరవయ్యారేళ్లు వార్డులో చేసి పాఠాలకు వచ్చింది. ఇద్దరూ వేళకు వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, వెళ్లేవాళ్లు. పేషెంటు కాగితం, అంటే ఆ వారం జబ్బు వివరమంతా, మేడమ్ ఒక్కతే ఇంట్లో వంటింటి బల్ల మీద రాసుకుని టైపు చేయించి తెచ్చేది. ఒక రోజు ముందు వాళ్లిద్దరికీ చూపించి సంతకాలు పెట్టించుకునేది.

ఒకసారి నా కౌంటరు దగ్గరే పెద్ద సిస్టరు అంది: "వంటంతా మీరే చేసి, వడ్డించడానికి మమ్మల్ని పిలుస్తారు."

"మీకెందుకు శ్రమ అనీ..."

"శ్రమని నేనన్నానా?"

మేడమ్ నవ్వేసింది. నేనూ నవ్వాను. సిస్టరు నవ్వలేదన్న సంగతి మా ఇద్దరికీ ఆ పూట పట్టలేదు.

సంవత్సరం ముగియవస్తుండగా ప్రిన్సిపాల్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఈ తరగతి వల్ల తలా ఒక గంట నష్టపోతున్నామని విభాగాల నుంచి అభ్యంతరం అందిందనీ, వచ్చే గురువారం తాను స్వయంగా వచ్చి చూస్తాననీ, గంట ఉంచడమో తీసెయ్యడమో ఆ రోజే తేలుస్తాననీ అందులో ఉంది. మేడమ్ దాన్ని నా ముందు పెట్టి, కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

"పదకొండేళ్లయింది అన్నయ్యగారూ ఇక్కడికొచ్చి. మిగతా పాఠాలు నేను కాకపోతే ఇంకొకరు చెబుతారు. ఇదొక్కటే నాది."

"చూస్తే ఆయనే ఒప్పుకుంటాడులెండి" అన్నాను.

"ఒప్పుకునేలా చేస్తాను" అంది. అక్కడే తప్పటడుగు పడిందని ఇప్పుడనిపిస్తుంది.

ఐదు రోజులు కూర్చుని గురువారానికి ఒక కాగితం రాసింది. గుండె దడకు తెల్ల మాత్ర వేసుకునే ముసలావిడ. పూటకు ఒకటి, రోజుకు రెండు. అయితే సంచిలో ఒక రక్తపరీక్ష కాగితం కూడా ఉంటుంది. దాన్ని చూస్తే ఆవిడ మూత్రపిండాలు మందగించాయని తెలుస్తుంది. అలాంటప్పుడు ఆ మందు ఒంట్లోంచి పోక పేరుకుంటుంది, తల తిరుగుతుంది, అన్నం సయించదు, కళ్లముందు పసుపు కమ్ముతుంది. పూటకు సగం చాలు. డాక్టరు పిల్లవాడు రక్తపరీక్ష చదవాలి, ఫార్మసీ పిల్లవాడు మందు సంగతి చెప్పాలి, నర్సింగు అమ్మాయి ఆవిడ అన్నం తింటోందో లేదో అడిగి రాబట్టాలి. ముగ్గురూ కలిస్తే గాని ముడి వీడదు. ల్యాబులో పిండి, పంచదార కలిపి నడుమ గీత ఉన్న తెల్ల మాత్రలు అచ్చు వేయించింది. సీసాలో పోసి, లేబుల్ అంటించి, అన్నీ సంచిలో పెట్టి మంగళవారం నా కౌంటరు సొరుగులో ఉంచింది. "ఇద్దరినీ చూసి సంతకం పెట్టమనండి" అంది. ముడి ఎక్కడుందో మాత్రం వాళ్లకు చెప్పలేదు. "చెబితే మొహాల్లో తెలిసిపోతుంది" అని ఆమె లెక్క. అత్తగారికీ తల తిరుగుడు, వికారం, కళ్లకు పసుపు కమ్మడం తప్ప మరేమీ చెప్పలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు మరి.

బుధవారం పొద్దున్న డాక్టరుగారు వచ్చారు. కాగితం చదివి, రక్తపరీక్ష చూసి, నాలుక కొరుక్కున్నారు.

"ఇంత మోతాదా? ఈ రిపోర్టుకి? టైపులో పొరపాటు పడినట్టుంది. ప్రిన్సిపాల్ ముందు మేడమ్ పరువు పోతుంది. ఇలాంటివి నిదానంగా చూడాలండీ."

'ఒకటి' కొట్టేసి పైన 'సగం' అని రాశారు. సంతకం పెట్టి, ఒకరి పరువు కాపాడిన తృప్తితో వెళ్లారు.

మధ్యాహ్నం పెద్ద సిస్టరు వచ్చింది. 'సగం' అన్న మాట చూసింది. "ముసలావిడ వణికే చేతులతో మాత్ర ఎలా తుంచుతుంది? వార్డులో మేమే తుంచి ఇస్తాం" అని జేబులోంచి మాత్రలు కోసే చిన్న డబ్బీ తీసింది. నా ఎదురుగా స్టూలు లాక్కుని ఇరవై ఎనిమిది మాత్రల్నీ ఒక్కొక్కటే రెండు చేసి సీసాలో పోసింది. "మేడమ్ మనల్ని అడగరు. అయినా మన పని మనం చెయ్యాలిగా" అంది. రాలిన పొడి ఎత్తడానికి పాత పేపరు ముక్క ఇచ్చింది నేనే. ఒకే సంచిలో రెండు చేతులు పడటం చూశాను. మేడమ్‌కు ఒక మాట చెప్పాలని నాకు తోచలేదు. కాగితాల మీద సంతకాలు పడ్డాయి కదా, పని అయిపోయింది అనుకున్నాను.

గురువారం ప్రిన్సిపాల్ వేళకు ఐదు నిమిషాలు ముందే వచ్చి, పాత పేపర్ల అరల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, చేతిలో చిన్న నోటుబుక్కు. ఒక పక్క డాక్టరుగారు, ఒక పక్క సిస్టరు. జట్టులో మొదటి రోజున కోటు గురించి అడిగిన ఆ పొడుగు మెడికో, కళ్లద్దాల ఫార్మసీ అబ్బాయి, ఏడాదంతా కలిపి పది మాటలు కూడా మాట్లాడని నర్సింగు అమ్మాయి ఉన్నారు. మిగతావాళ్లు చుట్టూ నిలబడ్డారు. మేడమ్ బుగ్గన బిళ్ల పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

బామ్మగారు అరచేత్తో గోడ పట్టుకుంటూ వచ్చి, కుర్చీలో కూలబడి, సంచి బోర్లించింది.

"ఏమిటండీ ఇబ్బంది?" అన్నాడు మెడికో.

"ఒకటా నాయనా? తల గిర్రున తిరుగుతోంది. అన్నం చూస్తే వికారం. పైగా నువ్వు పసుప్పచ్చగా కనబడుతున్నావు."

నర్సింగు అమ్మాయి ఆవిడ తిండి గురించి నెమ్మదిగా అడుగుతుంటే, ఫార్మసీ అబ్బాయి కాగితం చదివి సీసా వంచాడు. అన్నీ సగం ముక్కలే పడ్డాయి.

"ఇందులోంచి ఎంత వేసుకుంటున్నారు బామ్మగారూ?"

ఇది ఆవిడకు ఎవరూ చెప్పని ప్రశ్న. అయినా తడుముకోలేదు. కాగితం లాక్కుని దూరంగా పెట్టి చూసింది. "సగం అని రాసుందిగా, సగమే" అని ఒక ముక్క తీసుకుని గోటితో మళ్లీ రెండు చేసి చూపించింది.

"రాత్రికో?"

"రాత్రికెందుకు? మనిషి పడుకుంటే గుండె కూడా కాసేపు పడుకుంటుందిగా."

మూల నుంచి పటుక్కుమని చప్పుడొచ్చింది. కాని ఈసారి దారి తప్పింది పిల్లలు కాదు. మేడమ్ మొహం సున్నం వేసినట్టు అయింది. ఆ ముక్కలు ఆమె అప్పుడే మొదటిసారి చూడటం.

మెడికో వేళ్ల మీద లెక్క కట్టాడు. "సగంలో సగం, అదీ ఒక్క పూట. అంటే రోజుకి పావు మాత్ర. సీసా లేబుల్ మీద రోజుకి రెండని ఉంది. ఎనిమిదో వంతు! మందు బొత్తిగా చాలడం లేదు. పెంచాలి."

"పెంచితే ఎలా? ఈ తల తిరగడం, పసుపు కనబడటం మందు ఎక్కువైతే వచ్చేవి, తక్కువైతే కాదు" అన్నాడు ఫార్మసీ అబ్బాయి.

"అయితే బామ్మగారు అబద్ధం చెబుతున్నట్టు."

"ఏమన్నావురా అబ్బాయ్?" బామ్మగారి గొంతుకు కిటికీ అద్దం గలగల్లాడింది. "నాలుగు రోజులుగా అద్దం ముందు నిలబడి తల తిప్పుకుంటున్నాను, అబద్ధమా?"

గదంతా గొల్లున నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా నోటుబుక్కు అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు ఆగాక మళ్లీ వాదన మొదలైంది. పది నిమిషాలు గడిచాయి. పెంచాలని ఒకడు, ఆపాలని ఒకడు. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుని ఏదో రాసుకున్నాడు. మేడమ్ స్టూలు మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చుంది.

అప్పుడు నర్సింగు అమ్మాయి రెండు ముక్కలు తీసి అరచేతిలో పక్కపక్కన పెట్టింది. ఒకటి సీసాలోది, ఒకటి బామ్మగారు గోటితో తుంచింది.

"పెంచొద్దు, కాసేపాగండి. ఇది చూడండి, అంచు నున్నగా ఉంది. ఇదేమో పొడి రాలింది. సీసాలోవి బామ్మగారు తుంచినవి కావు. వార్డు కట్టర్‌తో కోసినవి." గొంతు తగ్గించి, తన టీచరు వైపే తిరిగింది. "సిస్టర్, మీరు కోశారా?"

పెద్ద సిస్టరు బడిపిల్లలా చెయ్యెత్తింది. "కాగితంలో సగం అని ఉంటే సగం చేసి పెట్టాను."

ఫార్మసీ అబ్బాయి కాగితాన్ని వెలుతురుకు పట్టాడు. "కాగితమంతా టైపు. ఆ సగం ఒక్కటే చేతిరాత."

డాక్టరుగారి చెయ్యి నిదానంగా లేచింది. "రిపోర్టు చూసి నేనే దిద్దాను. లేబుల్ చూడలేదు."

"రాత్రిపూట మానేసింది నేను" అని అడక్కుండానే బామ్మగారు కూడా చెయ్యెత్తింది. "ఆ ఒక్కటీ నా సొంతం."

"అయితే మేడమ్ పెట్టిన ముడి ఇదన్నమాట. ఒకటి ఎక్కువ, సగం చాలు" అన్నాడు మెడికో. "డాక్టరుగారు నిన్ననే విప్పేశారు. ఆయన విప్పిన ముడికి మనం మళ్లీ ముడేస్తున్నాం."

అమ్మాయి ఇంకా ఆగలేదు. స్టూలు దగ్గరకు వెళ్లి అడిగింది. "మేడమ్, ఈ సంచి పెట్టేటప్పుడు మీరు వీళ్లకు ఏం చెప్పారు?"

బుగ్గన బిళ్ల కట్టడి పెట్టుకున్నాక తరగతి నడుమ ఆమె జవాబు చెప్పడం అదే మొదలు. "ఏమీ చెప్పలేదమ్మా."

ప్రిన్సిపాల్ లేచి నిలబడ్డాడు. "మంత్రసానులెక్కువైతే బిడ్డ అడ్డం తిరుగుతుందని ఊరికే అన్నారా? ఈ గంట దండగనే నా దగ్గరికొచ్చిన అభ్యంతరం కూడా. చెప్పండి, ఈ గంట ఎందుకు ఉంచాలి?"

మేడమ్ స్టూలు దిగి వచ్చి నిలబడింది.

"పిల్లలు తప్పు పట్టుకున్నారు సార్. అది నా తప్పు. పక్కవాళ్లను అడగండర్రా అని ఏడాదంతా వీళ్లకు శ్రీరంగనీతులు చెప్పాను. నేను మాత్రం ఎవరినీ అడగలేదు. గంట తీసెయ్యాలంటే నన్ను తియ్యండి, ఇంకెవరైనా నడుపుతారు. పిల్లల గంట మాత్రం తియ్యకండి."

పెద్ద సిస్టరు గట్టిగా గొంతు సవరించుకుంది.

"సార్, మా విభాగం అభ్యంతరం చించెయ్యండి."

"రాసింది మీరే కదమ్మా?"

"నేనే. ఏడాది నుంచి వచ్చి కూర్చుని పోతున్నాను. ఇరవయ్యారేళ్లు వార్డులో చేసినదాన్ని, ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. పనిలేని గంట దండగ అని రాశాను. నిన్న ఆ మాత్రలు కోశానే, ఈ తరగతిలో నేను చేసిన మొదటి పని అదే. అదీ తప్పయి కూర్చుంది." నవ్వొచ్చింది ఆవిడకే. "ఇవాళ మా అమ్మాయి నన్నే నిలదీసింది. మా భవనంలో అయితే అది తల కూడా ఎత్తదు. ఈ గంట నాకు కావాలి."

మేడమ్ ఆవిడ వైపు చూసింది. ఆ అభ్యంతరం సిస్టరుదని ఆమెకు ఆ నిమిషం వరకు తెలియదు. కోపం వస్తుందేమోననుకున్నాను. రాలేదు. "నాతో ఒక్క మాట అనుంటే..." అని మొదలుపెట్టి, "అన్నారు. నేనే నవ్వేశాను" అని తనే ముగించింది.

ప్రిన్సిపాల్ నర్సింగు అమ్మాయిని దగ్గరకు పిలిచాడు. "ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే ఆగమని ఎందుకన్నావు?"

"ఎవరు తగ్గించారో తెలియకుండా ఎలా పెంచుతాం సార్?"

ఆయన ఆ మాటను నోటుబుక్కులో రాసుకున్నాడు. తర్వాత ముగ్గురు టీచర్లనూ వరసగా చూశాడు.

"గంట ఉంటుంది. కాని దానికి ముందు ఇంకో గంట మీ ముగ్గురికీ పెడుతున్నాను, ఇదే గదిలో. పేషెంటు కాగితంలో ముగ్గురి చేతిరాతా ఉండాలి. ఒక్కరి రాతతో వస్తే అక్కడే చించేస్తాను."

"నిదానంగా రాసుకోవచ్చు" అన్నారు డాక్టరుగారు. ఆ గదిలో పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది.

తర్వాతి సోమవారం ముగ్గురూ ఆ ఎత్తుపల్లాల బల్ల దగ్గర కూర్చున్నారు. మేడమ్ తెల్ల కాగితం ఒక్కటే తెచ్చింది. ఆమెకది ఎంత కష్టమో పక్కనుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది. చెయ్యి ఊరికే కలం వైపు పోతుంటే, దాన్ని తీసి ఒళ్లో పెట్టుకుంది.

"సిస్టర్, మీరు చెప్పండి. మీ వార్డులో మీకు బాగా గుర్తున్న పేషెంటు ఎవరు?"

పెద్ద సిస్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒకావిడ ఉండేది. మాత్ర నోట్లో వేసుకున్నట్టే వేసుకుని, మేము అటు తిరగగానే దిండు గలేబులో దాచేది. పడక మారుస్తుంటే ఒక రోజు గుప్పెడు రాలాయి. ఎందుకమ్మా అంటే, ఇవి దేనికో ఎవరూ చెప్పలేదు, తెలియంది ఎలా మింగను అంది."

"ఆవిడ మందులు రాసింది ఎవరు?" అన్నారు డాక్టరుగారు.

"తమరే."

ఆయన కలాన్ని సిస్టరు వైపు జరిపారు. "రాయండి. అదే రాద్దాం. డాక్టరు చెప్పలేదని కూడా రాయండి."

"మందులు ఇచ్చినామె కూడా చెప్పలేదని రాయండి" అంది మేడమ్. "కిటికీలోంచి ఇచ్చేసి ఉంటుంది."

అంతలో బామ్మగారు తోసుకుని లోపలికొచ్చింది. "రోగి లేకుండా రోగం నిర్ణయించేస్తున్నారా? నాకూ కుర్చీ వెయ్యండి." ఆ దిండు గలేబు సంగతి విని, ఇల్లంతా వెతికి పువ్వుల గలేబు తనే తెస్తానంది. ఎన్ని మాత్రలు దాచాలన్న దాని మీద ముగ్గురికీ మూడు లెక్కలు వచ్చాయి. గంట అయిపోయింది, వాదన అవలేదు. పక్క భవనంలో ఎవరి గంటో మోగింది. ఎవరూ లేవలేదు.

మూడు చేతిరాతల కాగితం మర్నాడు టైపుకి వెళ్లింది. టైపిస్టు తల పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటండీ ఇది? ఒకరు రాసింది ఒకరు కొట్టేశారు, కొట్టేసింది ఇంకొకరు మళ్లీ రాశారు. పక్కన 'ఇది బామ్మగారిని అడగాలి' అని కూడా ఉంది. అనుమానం వస్తే నేనెవరిని అడగాలి?"

మేడమ్ అప్పుడే పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. "పద, నేనూ వస్తాను" అని అతని చేతిలోంచి కాగితం అందుకుంది. మిగతా ఇద్దర్నీ వెతుక్కుంటూ వాళ్లు నర్సింగు భవనం వైపు నడిచారు.